నీళ్ళు నమిలినవాళ్ళ మాట కూడా కాస్త వినండి

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చుంటే ఒక విచిత్రం కనిపించింది, ఇంటర్వ్యూ టేబుల్‌కి అటువైపు వాళ్ళూ ఇటువైపు వాళ్ళూ ఇద్దరూ భయపడుతున్నారు. తీసుకునేవాళ్ళకి ఎవరో తప్పుడు మనిషి నెత్తిన పడతాడేమోనని, వెళ్ళేవాళ్ళకి ఎవరూ తీసుకోరేమోనని. నేను ఇరవై ఏళ్ళకి పైగా ఫ్రెషర్స్ ప్యానెళ్ళలో కూర్చున్నదాన్ని, అంతకుముందు అవతలి కుర్చీలో చెమటలు కక్కినదాన్ని కూడా, కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్తా. ఉత్తరాలు మరీ పొడుగ్గా ఉంటే కుదించాను, ఏమీ అనుకోకండి.

మేడమ్, నేను టీమ్ లీడ్‌ని. వచ్చే నెల మా కంపెనీ ఒక కాలేజీకి వెళ్ళి ఫ్రెషర్స్‌ని తీసుకుంటోంది, ప్యానెల్లో నన్ను వేశారు. ఇంతవరకు ఎవర్నీ ఇంటర్వ్యూ చేసిన మొహం కాదు నాది. మా మేనేజర్‌ని అడిగితే "మనిషి గదిలోకి రాగానే తెలిసిపోతుందిలే" అన్నారు. నిజంగా తెలిసిపోతుందా?

తెలియదండీ. తెలిసిపోయినట్టు మాత్రం భలే అనిపిస్తుంది.

నా సొంత తప్పు ఒకటి చెప్తా. చాలా ఏళ్ళ కిందట ఒకేరోజు ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. మొదటివాడు వస్తూనే నవ్వుతూ ముగ్గురినీ పలకరించి, అడిగినదానికీ అడగనిదానికీ గడగడా చెప్పేశాడు, ప్రాజెక్టులో నువ్వేం చేశావ్ బాబూ అంటే లీడర్‌షిప్ గురించి చెప్పాడు, అయినా మేం ముచ్చటపడిపోయాం. రెండోవాడు నీళ్ళు నమిలాడు. మాటవరసకి అనట్లేదు, నిజంగానే, గ్లాసు చేతిలో పట్టుకుని వదల్లేదు, ప్రతి జవాబుకీ ముందు ఒక గుక్క. నా కాగితం మీద "తడబాటు, కాన్ఫిడెన్స్ లేదు" అని రాసి కింద రెండు గీతలు కూడా కొట్టాను. వాడి రాత పరీక్ష పేపర్ నా ముందే ఉంది, దాని చివర, తను రాసిన ప్రోగ్రామ్ ఏయే సందర్భాల్లో పనిచెయ్యదో తనే నాలుగు లైన్లు రాసి పెట్టాడు, ఎవరూ అడక్కుండా. చూశాను, చూసి కూడా పక్కన పెట్టేశాను. మొదటివాణ్ణి తీసుకున్నాం, ఐదో నెలలో వెళ్ళిపోయాడు, వాడు చేయి పెట్టిన పనంతా ఇంకొకళ్ళు మొదట్నుంచీ చేసుకోవాల్సొచ్చింది. రెండోవాడు ఏమయ్యాడో నాకు తెలీదు. తన పనిలో లోపం ఎక్కడుందో తనే చెప్పే ఫ్రెషర్ మాత్రం ఆ తర్వాత నాకు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే తగిలారు.

ఇది నా ఒక్కదాని రోగం కాదు. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే సైకాలజిస్టు 1920లోనే చెప్పాడు, సైన్యంలో పైఅధికారులు కింది అధికారులకి తెలివికీ, శరీర దారుఢ్యానికీ, నాయకత్వానికీ, గుణానికీ విడివిడిగా మార్కులు వెయ్యాలి, కానీ వేసినవి చూస్తే అన్నీ ఒకదాన్ని ఒకటి పట్టుకుని పైకో కిందకో పోతున్నాయి. మనిషి నచ్చితే అన్నిట్లోనూ మంచివాడే, నచ్చకపోతే దేనికీ పనికిరాడు. దీనికే హాలో ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు. మనవాళ్ళు నోరున్నవాడిదే రాజ్యం అని ఊరికే అన్లేదు.

మరి ఏం చెయ్యాలంటే, ముందుగా ఆ గదిలోకి వెళ్ళకముందే మీ ప్యానెల్ వాళ్ళంతా కూర్చుని అసలు ఈ ఉద్యోగంలో మొదటి ఏడాది ఏ పని చేస్తారో రాసుకోండి, గొప్ప గొప్ప గుణాలు కాదు, పని. దాన్నిబట్టి ఐదారు ప్రశ్నలు. వచ్చినవాళ్ళందరికీ అవే ప్రశ్నలు, అదే వరసలో, జవాబు ఎలా ఉంటే ఎన్ని మార్కులో కూడా ముందే అనుకోవాలి. అభ్యర్థి బయటికెళ్ళాక ఒకరి మొహం ఒకరు చూసుకునేలోపే ఎవరి మార్కులు వాళ్ళు వేసెయ్యాలి, మాట్లాడుకోవడం ఆ తర్వాతే, లేదంటే సీనియర్ గారు "బావున్నాడు కదా" అనగానే అందరి పెన్నులూ అటే తిరుగుతాయి. ఇది చాలా బోరింగ్‌గా ఉంటుంది, నాకు తెలుసు, ఐదో మనిషికి అదే ప్రశ్న అడుగుతుంటే మనకే ఆవలింతలొస్తాయి. కానీ ఫలితం ఉంది. 2022లో పాల్ సాకెట్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు దశాబ్దాల పరిశోధనలన్నీ తిరగేసి లెక్కలు మళ్ళీ కట్టారు, సెలెక్షన్‌లో వచ్చిన మార్కులకీ తర్వాత ఉద్యోగంలో పనితీరుకీ సంబంధం ఎంత అని. అచ్చంగా సరిపోతే 1, అసలు పొంతనే లేకపోతే 0 అనుకుంటే, ఇలా ముందే ప్రశ్నలు అనుకుని చేసే ఇంటర్వ్యూకి 0.42 వచ్చింది, వాళ్ళు చూసిన పద్ధతులన్నిట్లో అదే పైన. మామూలుగా కూర్చుని కబుర్లాడే ఇంటర్వ్యూకి 0.19. అంటే మీ మేనేజర్ గారి "రాగానే తెలిసిపోతుంది"కి వచ్చిన మార్కులు అవీ. పైన ఉన్నది కూడా సగానికి తక్కువే, అది గుర్తుపెట్టుకుంటే మన తీర్పు మీద మనకి మరీ పొగరెక్కదు.

కుదిరితే ఓ అరగంట చిన్న పని చేయించండి, మీ దగ్గర రోజూ జరిగే పనే. క్విజ్ ప్రశ్నలు మాత్రం వద్దు. 1921లో థామస్ ఎడిసన్ తన దగ్గర ఉద్యోగానికి వచ్చే డిగ్రీ కుర్రాళ్ళకి 150 దాకా జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలు పెట్టి, ఎక్కువమంది తప్పేసరికి కాలేజీ చదువులే దండగ అన్నాడు. అవి పేపర్లకెక్కాయి. అదే ఏడు అమెరికా వచ్చిన ఐన్‌స్టీన్‌ని ఎవరో అందులోదే ఒకటి అడిగారు, ధ్వని వేగం ఎంత అని. పుస్తకాల్లో దొరికే వాటిని నేను బుర్రలో మోసుకు తిరగను అన్నాడాయన.

ఇంకొక్కటి, ఎవరైనా నీళ్ళు నమిలితే మనసులో పది లెక్కపెట్టండి. ఎనిమిది దగ్గర చాలామంది మొదలుపెడతారు.

అక్కా, డిగ్రీ అయి పది నెలలు. ఇప్పటికి 14 చోట్ల పోయింది. ఏ కంపెనీలో ఏమైందో లిస్టు వెనక పేజీలో రాశాను. నా ఫ్రెండ్స్ అందరూ సెటిల్ అయిపోయారు, ఫోన్ చేస్తే ఎత్తబుద్ధి కావట్లేదు. నేనే వేస్ట్ అనిపిస్తోంది.

చెల్లీ, ముందు పేజీలో ఉన్నమ్మాయీ వెనక పేజీలో ఉన్నమ్మాయీ ఒకళ్ళేనా అనిపించింది నాకు, ముందంతా ఏడుపు, వెనకేమో తేదీలతో సహా గీతలు కొట్టి పట్టిక. ఆ పట్టికే తీసి చూద్దాం. 14లో 9 చోట్ల రెజ్యూమే పంపాక జవాబే లేదు. 3 చోట్ల రాత పరీక్షలో ఆగిపోయావు. 2 చోట్ల ఆఖరి రౌండ్ దాకా వెళ్ళావు. అంటే నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి చూసి వద్దన్నది ఇప్పటికి రెండు చోట్లే తల్లీ! మిగతావాళ్ళు నిన్ను చూడనేలేదు, వాళ్ళు వద్దన్నది ఒక కాగితాన్ని, ఒక టెస్ట్ పేపర్‌ని. 14 అని ముద్దగా నెత్తిన పెట్టుకుంటే బరువుగానే ఉంటుంది, విడగొడితే మూడు వేరువేరు సమస్యలు, వాటికి మూడు వేరువేరు మందులు.

9 చోట్ల జవాబు లేదంటే కాగితం మార్చాలి. నేను కుప్పలు కుప్పలుగా రెజ్యూమేలు చూసినదాన్ని, సిగ్గు లేకుండా నిజం చెప్తున్నా, ఒక్కోదానికి అర నిమిషం ఇచ్చేదాన్నేమో. ఆ అర నిమిషంలో "కష్టపడి పనిచేసే స్వభావం, టీమ్ ప్లేయర్" లాంటివి కళ్ళకి ఆనవు, అందరూ రాసేవే. నువ్వు నీ చేత్తో చేసింది ఏంటి, అది ఎవరికి ఉపయోగపడింది, ఈ రెండూ మొదటి పది లైన్లలో ఉండాలి. నీ లిస్టులో ఏడో నంబరు దగ్గర "కాలేజీ లైబ్రరీ పుస్తకాల లెక్క ఎక్సెల్‌లోకి మార్చానంటే దాని గురించి అడిగారు" అని చిన్నగా రాశావే, అదెక్కడుంది నీ రెజ్యూమేలో? రెండో పేజీ అడుగున ఉండి ఉంటుంది, పైకి తే. రాత పరీక్షకైతే టైమ్ పెట్టుకుని ప్రాక్టీసు, అంతకన్నా చిట్కా ఏమీ లేదు. ఆఖరి రౌండ్ మాటకొస్తే, బయటికొచ్చిన గంటలోపు వాళ్ళడిగినవన్నీ రాసి పెట్టుకో, మర్నాటికి సగం మర్చిపోతాం, మిగతా సగం మన భయమే మార్చేస్తుంది.

కాలం సంగతి కూడా ఉంది. ఉద్యోగాలు తక్కువున్న ఏడాదిలో డిగ్రీ చేతికొస్తే అది నీ తప్పు కాదు. కెనడాలో ముగ్గురు ఆర్థికవేత్తలు ఇదే లెక్క తీశారు, 2012లో వచ్చింది, మామూలు మాంద్యంలో బయటికొచ్చినవాళ్ళ సంపాదన మొదట్లో 9 శాతం దాకా తక్కువ, ఐదేళ్ళకి ఆ తేడా సగమైంది, పదేళ్ళకి పోయింది. ఎలా పోయిందంటే దొరికిన చిన్న ఉద్యోగంలో చేరి, అక్కణ్ణించి మెల్లగా మంచి కంపెనీలకి మారుతూ. కాబట్టి మొదటి ఉద్యోగం కలల ఉద్యోగం కాకపోతే చెయ్యను అని మాత్రం కూర్చోకు.

ఇంకో మాట, వింతగా ఉంటుంది కానీ చెప్తా. 1994లో అచ్చయిన ఒక ప్రయోగం ఉంది, జేమ్స్ పెన్నెబేకర్ వాళ్ళది, ఉద్యోగం పోయిన నడివయసు ఇంజినీర్లు ఎక్కువమంది ఉన్న గుంపుని తీసుకుని, కొంతమందిని వరసగా ఐదు రోజులు రోజూ 20 నిమిషాలు ఆ దెబ్బ గురించి మనసులో ఉన్నదంతా రాయమన్నారు. రాసినవాళ్ళకి మిగతావాళ్ళకంటే తొందరగా ఉద్యోగాలొచ్చాయి. వీళ్ళేమీ ఎక్కువ చోట్ల అప్లై చెయ్యలేదు, ఎక్కువ ఇంటర్వ్యూలకీ వెళ్ళలేదు. కోపం కాగితం మీద దిగిపోయి ఇంటర్వ్యూలో బయటపడలేదేమోనని వాళ్ళ ఊహ. చిన్న ప్రయోగమే, మంత్రం కాదు, కానీ నువ్వు ఎలాగూ నాకు నాలుగు పేజీలు రాశావు, ఇంకో నాలుగు నీకోసం రాసుకో.

కానీ నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం రెండు వారాలు దాటితే డాక్టర్ దగ్గరికి వెళ్ళు. బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు చూడక్కర్లేదు, ఆ పూటే ఇంట్లో ఎవరికైనా చెప్పి డాక్టర్ని కలువు. ఫ్రెండ్స్ ఫోన్ రేపు ఒక్కటి ఎత్తు, ఒక్కటి చాలు.

మేడమ్, మధ్యలో ఏడాదిన్నర గ్యాప్ ఉంది, నాన్నగారికి ఆరోగ్యం బాగోక ఇంట్లోనే ఉండాల్సొచ్చింది. ఏదో కోర్సు చేశానని చెప్పమంటున్నారు అందరూ.

చెప్పొద్దు. ఒక అబద్ధానికి పది అబద్ధాలు కాపలా పెట్టాలి, ఆ కోర్సులో ఏం నేర్చుకున్నావ్ అంటే అయిపోయింది. "నాన్నగారికి బాగోలేదు, నేనే చూసుకున్నాను, ఇప్పుడు ఫుల్‌టైమ్ పనికి రెడీ" అని రెండు ముక్కలు చెప్పి ఆపెయ్. వాళ్ళు అడక్కపోతే ఇంకేం చెప్పక్కర్లేదు. అది విని మొహం మాడ్చుకునే ప్యానెలైతే అక్కడ దొరికే బాసు కూడా అలాంటివాడే.

నమస్తే అండీ, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. మొదట్లో ఉన్న ఉత్సాహం ఇప్పుడు లేదు. జీతం పెరిగితే సరిపోతుందనుకున్నా, మొన్న పెరిగింది కూడా, ఓ నెల బావుంది అంతే. పొద్దున్నే లాప్‌టాప్ తెరవాలంటే చెయ్యి రావట్లేదు. ఇది బద్ధకమా, లేక ఉద్యోగం మారాలా?

నెల రోజులు బావుందన్నారు చూశారా, అది మీ ఒక్కరికే కాదు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే సైకాలజిస్టు 1959లో వేసిన పుస్తకం కోసం 200 మందికి పైగా ఇంజినీర్లనీ అకౌంటెంట్లనీ కూర్చోబెట్టి ఉద్యోగంలో మీకు బాగా సంతోషమేసిన రోజు చెప్పండి, బాగా విసుగేసిన రోజు చెప్పండి అని అడిగించాడు. సంతోషమేసిన కథల్లో ఏదో సాధించడం, ఎవరో గుర్తించడం, పని దానంతటదే బావుండటం ఎక్కువొచ్చాయి. విసుగు కథల్లో కంపెనీ రూల్సు, పై అధికారి తీరు, జీతం, ఇలాంటివి. ఆయన అన్నదేంటంటే జీతం సరిగ్గా లేకపోతే మంట, ఉంటే మంట ఆరుతుంది, కానీ ఆరినంత మాత్రాన దీపం వెలగదు. తర్వాతవాళ్ళు దీన్ని బాగానే ఉతికారు, మంచి జరిగితే నా గొప్ప, చెడు జరిగితే కంపెనీ తప్పు అని చెప్పుకోవడం మనిషి స్వభావమే కదా అని. అదీ నిజమే. కానీ నేను రాజీనామా ఇచ్చేవాళ్ళతో ఆఖరి రోజు కూర్చుని మాట్లాడినవి తలుచుకుంటే హెర్జ్‌బర్గ్ చెప్పినదాంట్లో సగమైనా కళ్ళారా చూశాననిపిస్తుంది. ఫారంలో "బెటర్ ఆపర్చునిటీ" అని టిక్ పెట్టి, పెన్ను మూత పెట్టాక అసలు సంగతి చెప్తారు, "నేను చేసింది ఎవరికి వెళ్తుందో కూడా తెలీదండీ."

మీ ఉత్తరంలో కూడా ఏ పని చేస్తారో లేదు, గమనించారా? రెండు పేజీలు రాశారు, జీతం, సీట్లు, షిఫ్టులు అన్నీ ఉన్నాయి. అందుకే బద్ధకం అనను, మారిపొమ్మనీ ఇప్పుడే అనను. రెండు వారాలు ఒక పని చెయ్యండి, రోజూ సాయంత్రం లాప్‌టాప్ మూసేముందు ఇవాళ టైమ్ తెలీకుండా గడిచింది ఎప్పుడు, గడియారం వైపు చూస్తూ గడిపింది ఎప్పుడు అని చెరో లైను. రెండు వారాలకి ఇరవై లైన్లు, అందులో మీకే కనిపిస్తుంది. పని నచ్చట్లేదా, మనుషులా, నేర్చుకోవడం ఆగిపోయిందా, ఇవి వేరువేరు, మనం అన్నిటికీ కలిపి "మోటివేషన్ లేదు" అనేస్తాం.

రెజ్‌నెవ్‌స్కీ, డటన్ అని ఇద్దరు పరిశోధకులు 2001లో రాసినదాంట్లో హాస్పిటల్ క్లీనర్ల సంగతి ఉంది. ఒకే పని చేసేవాళ్ళే, కొందరు మాకు చెప్పింది ఇంతే అని తుడిచి వెళ్ళిపోయేవాళ్ళు, కొందరు రోగులతో నాలుగు మాటలు మాట్లాడటం, వచ్చినవాళ్ళకి దారి చూపించడం కూడా తమ పనే అనుకునేవాళ్ళు, రెండో రకంవాళ్ళకి ఆ పనే ఇష్టంగా ఉండేది. దీన్ని చూపించి "మీరూ అలా ఉండండి" అని జీతం పెంచకుండా తప్పించుకునే కంపెనీలూ ఉంటాయి, వాళ్ళ మాట నమ్మకండి. మీకు పనికొచ్చేది ఇంతవరకే, మీరు చేసింది ఆఖరికి ఎవరి చేతికి వెళ్తుందో ఒకసారి వెళ్ళి చూడండి. చూశాక కూడా ఆ ఇరవై లైన్లూ గడియారం వైపే ఉంటే అప్పుడు వెతుక్కోండి, చేతిలో ఉద్యోగం ఉంచుకునే.

నేను ఒక కంపెనీలో హెచ్.ఆర్. ఫ్రెషర్స్ ఆరు నెలలు తిరక్కుండానే వెళ్ళిపోతున్నారు, పిల్లలకి ఓపికే లేదు ఈ రోజుల్లో. ఏం చేస్తే ఉంటారు?

ఓపిక సంగతి తర్వాత, మీ కాలేజీ ప్రెజెంటేషన్ ఒకసారి నాకు పంపుతారా? ఊహించి చెప్తా, నవ్వే మొహాలు, టేబుల్ టెన్నిస్ బల్ల, విదేశీ క్లయింట్లు. మొదటి ఆరు నెలలు పాత కోడ్‌లో తప్పులు దిద్దడమో రాత్రి షిఫ్టో అని ఎక్కడైనా ఉందా? జాన్ వానస్ 1973లో టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగానికి వచ్చినవాళ్ళకి రెండు రకాల సినిమాలు చూపించాడు, ఒకటి కంపెనీ మామూలుగా చూపించే తియ్యటిది, ఇంకోటి పనిలో ఉన్న విసుగు కూడా చూపించేది. రెండోది చూసినవాళ్ళు కూడా ఉద్యోగం వద్దనలేదు, పైగా చేరాక మానేద్దామన్న ఆలోచన వాళ్ళకే తక్కువొచ్చింది. మీ దగ్గర రెండేళ్ళ కిందట చేరినవాళ్ళని ఒకళ్ళని కాలేజీకి తీసుకెళ్ళి, మీరు గదిలోంచి బయటికొచ్చేసి, పిల్లల్ని ఏది కావాలంటే అది అడగమనండి. ఎవరో ఇద్దరు "మేం చేరం" అంటారు. మంచిదే, వాళ్ళు ఎలాగూ ఐదో నెలలో వెళ్ళేవాళ్ళే.

అమ్మా, మా అబ్బాయి డిగ్రీ అయి ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు, మాటలు తగ్గించేశాడు. నా పాత కొలీగ్ ఒకాయన ఇప్పుడు మంచి పొజిషన్లో ఉన్నారు, నంబరుంది. వాడికి చెప్పకుండా ఆయనకి ఫోన్ చేసి రికమెండ్ చెయ్యమని అడగనా? తప్పా?

మీలాంటి తండ్రి ఇంకొకాయన ఉన్నారండీ. 1901 ఏప్రిల్ 13న ఆయన ఒక పెద్ద ప్రొఫెసర్ గారికి ఉత్తరం రాశారు, మా అబ్బాయికి డిగ్రీ అయింది, ఎక్కడా ఉద్యోగం దొరకట్లేదు, నేను దేనికీ పనికిరానేమోనని కుమిలిపోతున్నాడు, మీ దగ్గర అసిస్టెంటుగా కుదరకపోయినా కనీసం నాలుగు ధైర్యం మాటలు రాయండి, నేను ఇలా రాస్తున్నట్టు వాడికి తెలీదు అని. ఆ తండ్రి పేరు హెర్మన్ ఐన్‌స్టీన్, కొడుకు ఆల్బర్ట్, ప్రొఫెసర్ విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్. జవాబు వచ్చిన దాఖలా లేదు. చివరికి ఉద్యోగం ఎలా వచ్చిందంటే, ఆల్బర్ట్ క్లాస్‌మేట్ గ్రాస్‌మన్ వాళ్ళ నాన్న తనకి తెలిసిన పేటెంట్ ఆఫీస్ డైరెక్టర్‌తో ఒక మాట చెప్పడంతో దారి దొరికి, 1902 జూన్‌లో మూడో తరగతి టెక్నికల్ ఎక్స్‌పర్ట్ అనే చిన్న పోస్టులో చేరాడు. తండ్రి అదే ఏడు అక్టోబర్‌లో పోయారు, కొడుక్కి పేరు తెచ్చిన 1905 సైన్సు పేపర్లు చూడలేదు. 1910 నోబెల్‌కి ఐన్‌స్టీన్ పేరు పంపింది ఎవరనుకున్నారు, ఆ ఓస్ట్‌వాల్డే.

కాబట్టి మాట సాయం అడగడం తప్పేమీ కాదు, లోకం అలాగే నడుస్తోంది. మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్టు 1973లో చూపించాడు, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో ఆ తెలిసినవాళ్ళని తరచూ కలిసేవాళ్ళు 16.7 శాతమే, ఎప్పుడో ఒకప్పుడు కలిసేవాళ్ళు 55.6 శాతం. రోజూ కలిసేవాళ్ళకి మనకి తెలిసిందే తెలుసు మరి, మీ పాత కొలీగ్ లాంటివాళ్ళకే కొత్త సంగతులు తెలుస్తాయి. నాకు నచ్చనిది ఒక్కటే, వాడికి చెప్పకుండా అన్నది. రేపు ఉద్యోగం వచ్చినా, నాన్న అడుక్కుంటే వచ్చింది అని ఎప్పుడో తెలుస్తుంది, ఇప్పటికే మాటలు తగ్గాయన్నారు కదా.

నంబరు మీ దగ్గరుంది కదా, ఒక కాగితం మీద రాసి, ఆయన ఎవరో ఎలా పరిచయమో రెండు ముక్కలు చెప్పి వాడి చేతికివ్వండి, ఉద్యోగం అడగక్కర్లేదురా, మీ ఫీల్డ్ ఎలా ఉందండీ అని పది నిమిషాలు మాట్లాడు చాలు అనండి. ఇచ్చేసి మీరు పక్క గదిలోకి వెళ్ళిపోండి. ఆ రోజే ఫోన్ చెయ్యకపోయినా చేశావా అని అడగొద్దు.